శ్రావణంలో మొదలుపెడితే కార్తికంలో మెట్లెక్కవచ్చు: మోకాళ్లకు, మడమలకు, నిలకడకు పన్నెండు వారాల వ్యాయామం

కురుమూర్తి జాతర పదిహేను రోజుల్లో ఉందనగా మా గది ముందు బెంచీ నిండిపోతుంది. మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తున్న ఇన్నేళ్లలో ఇది తప్పిన కార్తికం లేదు. అందరిదీ ఒకటే కోరిక: గుట్ట మెట్లెక్కి స్వామిని చూసి రావాలి, అందుకు ఒక సూదో బెల్టో రాసివ్వండి. పదిహేను రోజుల్లో కండరానికి బలం రాదు. ఆ మాట చెప్పి పంపిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. అదే మనిషి శ్రావణంలో వచ్చి ఉంటే చేయగలిగింది ఎంతో ఉండేది. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం కలిపితే పన్నెండు వారాలు. అరిగిన మోకాలికైనా, పట్టేసిన మడమ నరానికైనా (టెండన్), తూలుతున్న కాళ్లకైనా కావలసిన గడువు దాదాపు అంతే.

"నొప్పి తగ్గాక నడుస్తాను బిడ్డా" అంటారు పెద్దవాళ్లు. నేను ఎక్కువసార్లు సరిదిద్దాల్సి వచ్చే మాట ఇదే. చాలా కీళ్ల నొప్పుల్లో వరస తిరగబడి ఉంటుంది. కదలిక, బలం ముందు వస్తాయి, నొప్పి వాటి వెనక తగ్గుతుంది. మోకాలి గుజ్జుకు రక్తనాళాలు లేవు. కీలు కదిలి బరువు పడి లేచినప్పుడే, తడిగుడ్డను పిండి వదిలినట్టు, లోపలి ద్రవం గుజ్జులోకి వెళ్లి వస్తూ దానికి పోషణ ఇస్తుంది. మంచం మీద ఉంచిన మోకాలికి ఆ పోషణ తగ్గుతుంది, తొడ కండరం పలచబడుతుంది, మరుసటి నెల అదే నడక ఇంకా బరువనిపిస్తుంది. అలాగని నొప్పిని పళ్ల బిగువున భరిస్తూ చేయమని కాదు. ఎంత చేయాలో కొలత ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కొలత గురించే.

ముందు డాక్టరును చూడాల్సినవారు

కీలు ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండి, జ్వరం కూడా ఉంటే వ్యాయామం మాట పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, మోకాలు మధ్యలో తాళం పడ్డట్టు బిగుసుకుపోయినా అంతే. పరుగెత్తుతుండగా మడమ వెనక ఎవరో తన్నినట్టు టప్పున శబ్దం వచ్చి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే నరం తెగి ఉండవచ్చు. ఒక్క పిక్క మాత్రమే వాచి గట్టిపడితే అది రక్తం గడ్డ కావచ్చు, దానిని మర్దన చేయకూడదు. రెండు చేతుల వేళ్ల కణుపులు వాచి, ఉదయం గంటకు పైగా పట్టేసినట్టు ఉంటే అది అరుగుదల కాదు, రుమటాయిడ్ అనే కీళ్లవాతం కావచ్చు. దానికి మందులు తొందరగా మొదలుపెట్టడం ముఖ్యం. కాళ్లు రెండూ బలం తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు. గుండె జబ్బు ఉన్నవారు మీ డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

ఇవేవీ లేని నడివయసు, పెద్దవయసు మోకాలి నొప్పికి వ్యాయామమే మొదటి వైద్యం. "ఎక్స్‌రేలో గుజ్జు మొత్తం అరిగిపోయిందన్నారు, ఇక ఏం చేసినా లాభం లేదట" అని వచ్చేవారికి నేను చెప్పేది ఒకటే: ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, మీ తొడ బలాన్ని చూపించదు. ఫిల్ములో బాగా అరిగిన మోకాలితో పొలం పని చేసుకునేవారు ఉన్నారు, ఫిల్ము శుభ్రంగా ఉండి మెట్టు దిగలేనివారూ ఉన్నారు.

మొదటి అడుగు: నోటుబుక్కు, నాలుగు కొలతలు

పిల్లల పాత నోటుబుక్కులో మిగిలిన పేజీలు చాలు. మొదటి రోజు ఇంట్లో ఎవరినైనా పక్కన నిలబెట్టుకుని ఈ నాలుగు కొలతలు తీసి రాయండి.

కుర్చీ. చేతులు లేని, దాదాపు 17 అంగుళాల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవారు 14 కంటే, ఆడవారు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం తగ్గిందని అర్థం. 70 నుంచి 74 ఏళ్ల వారికి ఆ గీతలు 12, 10. చేయి ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా అని రాయండి. సున్నాతో మొదలైనవారు చాలామంది ఉన్నారు.

నిలకడ. పాదాలు రెండూ జంటగా కలిపి 10 సెకన్లు. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి 10 సెకన్లు. తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా ఒకే గీత మీద 10 సెకన్లు. చివరికి ఒంటికాలి మీద. ఈ మూడోది, గీత మీద నిలబడడం, 10 సెకన్లు ఆగలేని పెద్దవారికి పడిపోయే ముప్పు ఎక్కువ.

నడక. కుర్చీలో నుంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టిన సమయం. 12 సెకన్లు, అంతకు మించితే నిలకడ భాగాన్ని ఈ వ్యాసంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవండి.

మడమ. గోడ మీద వేలి కొసలు ఆనించి, ఒంటికాలి మునివేళ్ల మీద ఎన్నిసార్లు లేవగలరు? కుడి ఎన్ని, ఎడమ ఎన్ని? రెంటికీ తేడా ఎంతో అదే మీ లెక్క.

నాలుగు వారాలకోసారి మళ్లీ కొలవండి. నొప్పికి జ్ఞాపకశక్తి సరిగా ఉండదు. "ఏమీ తగ్గలేదు" అని కూర్చున్న పెద్దమ్మకు నోటుబుక్కు తెరిచి, కుర్చీ లెక్క 5 నుంచి 9కి వచ్చిందని వేలు పెట్టి చూపించినప్పుడు, ఆమె ఆ అంకెను రెండుసార్లు తడిమి చూసుకుంది. మందుబిళ్ల ఇవ్వలేని ధైర్యం అది.

రెండో అడుగు: రేపటి ఉదయాన్ని అడగండి

నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె వేయండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనిది. వ్యాయామం చేస్తుండగా 2 లోపు ఉంటే నిశ్చింతగా చేయండి. 3 నుంచి 5 వరకు ఉన్నా ఫరవాలేదు, కీలు పాడవడం లేదు. 5 దాటితే ఆపండి.

అసలు తీర్పు మాత్రం మరుసటి ఉదయానిది. నిద్ర లేచి మొదటి పది అడుగులు వేసినప్పుడు నొప్పి, బిగువు రోజూ ఉన్నంతే ఉంటే నిన్న చేసింది సరైన మోతాదు. ఎక్కువగా ఉన్నా, మోకాలు ఉబ్బినా నిన్న ఎక్కువైంది. మానేయవద్దు, సంఖ్య సగానికి తగ్గించి చేయండి. వరసగా వారం రోజులు ఉదయం మామూలుగానే ఉంటే కొద్దిగా పెంచండి. ఎరువు మోతాదు తెలిసిన రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

శ్రావణమంటే మన దగ్గర నాట్ల కాలం కూడా. రోజంతా బురదలో వంగి నాటు వేసి వచ్చిన మనిషిని సాయంత్రం మళ్లీ లేచి కూర్చోమంటే అది వైద్యం కాదు. అలాంటి రోజుల్లో బలం వ్యాయామాలు వదిలేయండి, పడుకునే ముందు మోకాలు చాచడం, పొద్దున వంటగట్టు దగ్గర నిలకడ, ఇవి రెండూ చాలు. బలం వ్యాయామాలు ఎలాగూ వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక రోజు విడుపు ఉండాలి.

మోకాలు: మొదటి నాలుగు వారాలు

ముందు మోకాలు పూర్తిగా చాపగలగాలి. చాప మీద కాళ్లు చాపి కూర్చుని, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి వెనక భాగం నేల వైపు జారేలా రెండు నిమిషాలు వదిలేయండి. రోజుకు మూడుసార్లు. హాయిగా ఉంటుందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దు. నెలల తరబడి అలా చేస్తే మోకాలు వంగినట్టే బిగుసుకుంటుంది, తర్వాత దాన్ని చాపడం నాకూ మీకూ కష్టం.

తర్వాత చుట్టను మోకాలి కిందికి మార్చి, దాన్ని నేలకు నొక్కుతూ తొడ ముందు కండరాన్ని బిగించి 5 సెకన్లు ఆపండి. పదిసార్లు. తొడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, కండరం రాయిలా గట్టిపడాలి. గట్టిపడకపోతే మీరు నడుముతో తోస్తున్నారన్నమాట.

వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలిని నిటారుగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపి, మెల్లగా దించండి. పదేసి చొప్పున రెండు విడతలు. పక్కకు పడుకుని పై కాలిని లేపడం, రెండు మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, ఇవీ పదేసి. మోకాలికి తుంటి కండరాలెందుకని అడుగుతారు. అడుగు వేసినప్పుడు మోకాలు లోపలికి ఒరగకుండా పట్టి ఉంచేది తుంటి పక్క కండరమే.

ఇక అన్నిటికంటే విలువైనది కుర్చీ. లేవలేనివారు కుర్చీ మీద రెండు బొంతలు మడిచి వేసి ఎత్తు పెంచుకోండి. పాదాలు కొంచెం వెనక్కి, ముక్కు మోకాళ్లను దాటేంత ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగండి. దబ్బున కూలబడితే ఆ వ్యాయామంలో సగం పోయినట్టే. ఎనిమిదిసార్లు, రెండు విడతలు. రెండు వారాలకో బొంత తీసేయండి.

ఐదో వారం నుంచి

ఇప్పుడు బరువు, మెట్టు. సైకిల్ పంక్చర్ దుకాణంలో పాత ట్యూబు అడగండి, చాలాసార్లు ఊరికే ఇస్తారు. పొడవుగా కోసి, రెండు కొనలు మంచం కోడుకు కట్టి, ఆ ఉచ్చులో చీలమండ పెట్టి కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపండి. ట్యూబు చర్మాన్ని ఒరుసుకోకుండా సాక్స్ వేసుకోండి. పగుళ్లు కనిపిస్తే ట్యూబు మార్చండి, తెగితే ముఖానికి తగులుతుంది. పది, పన్నెండు చేసేసరికి చివరి రెండూ కష్టంగా ఉండాలి. సులువుగా ఇరవై చేయగలుగుతుంటే బిగువు పెంచే సమయం వచ్చింది.

మెట్టు కోసం ఇటుకలు పేర్చుకోవద్దు, జారతాయి. ఇంటి ముందు కదలని మెట్టు, పక్కన గోడ ఉండాలి. పాదం మొత్తం మెట్టు మీద పెట్టి, కింది కాలితో తన్నకుండా, పై కాలి బలంతోనే లేవండి. మోకాలు రెండో కాలివేలి దిశలోనే ఉండాలి. అద్దం ఎదురుగా ఉంటే మంచిది, లేకపోతే మనవడిని ఎదురుగా కూర్చోబెట్టి, మోకాలు లోపలికి పోతే చెప్పమనండి. పిల్లలు ఈ పనిని ఎంతో నిష్ఠగా చేస్తారు.

తొమ్మిదో వారం నుంచి మెట్టు దిగడం నేర్చుకోవాలి. ఎక్కడం కంటే ఇదే కష్టం, గుట్ట మీద మోకాళ్లు మొరాయించేదీ దిగేటప్పుడే. మెట్టు మీద నిలబడి, రెండో కాలి మడమ నేలకు మెల్లగా తగిలేవరకు మూడు లెక్కపెట్టి దించి, మళ్లీ పైకి రండి. ఎనిమిది చేయగలిగాక ఐదు కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని కుర్చీ వ్యాయామం చేయండి.

మహారాష్ట్రకు, హైదరాబాద్‌కు వలస వెళ్లి తాపీ పని, ఇటుక మోత చేసి వచ్చినవారు "మా బతుకంతా వ్యాయామమే కదా" అంటారు. వారి మాటలో నిజం ఉంది, కాదనను. కానీ మోత ఒకే భంగిమలో, అలసట మీద అలసటగా, విడుపు లేకుండా కీలు మీద పడింది. ఇక్కడ చేసేది లెక్క ప్రకారం పెంచే బరువు, మధ్యలో కోలుకునే రోజుతో. కండరం ఆ విడుపు రోజునే బలం పుంజుకుంటుంది. దానికి పప్పు, గుడ్డు, పెరుగు కావాలి. గంజి తాగి బలం వ్యాయామం చేస్తే ఫలితం తక్కువ.

బరువు తగ్గగలిగినవారు తగ్గండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మడమ నరం, అరికాలు, మోచేయి

మన దగ్గర జనం నరం అనేది, డాక్టర్లు టెండన్ అనేది, చాలాసార్లు ఒకటే: కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు. దాని స్వభావం మోకాలి గుజ్జుకు వేరు. పొద్దున మొదటి అడుగులకు బాగా నొప్పి, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం, పని అయిపోయి కూర్చున్నాక మళ్లీ రావడం దాని గుర్తు. మధ్యలో సర్దుకుంటుంది కాబట్టి మనిషి దాన్ని లెక్కచేయడు. నెలలు గడిచిపోతాయి.

తాటిచెట్లు గీసే ఒక గీత కార్మికుడు నా దగ్గరికి వచ్చినప్పుడు మడమ పైన రెండంగుళాల దూరంలో చింతగింజంత గడ్డ ఉంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ నరాన్ని పట్టి నొక్కితే కాలు లాక్కున్నాడు. రెండు నెలలు చెట్టెక్కడం మానేశాడట, నొప్పి పోయిందట, మళ్లీ మోకు కట్టుకుని ఎక్కిన మూడో రోజు తిరిగి వచ్చిందట. విశ్రాంతితో నొప్పి తగ్గింది కానీ తాడు బలపడలేదు. పాత బలం కూడా తగ్గింది, దాని మీద పాత బరువే పడింది. టెండన్‌లో నార చాలా మెల్లగా అల్లుకుంటుంది, అల్లుకోవడానికి దానికి లాగుడు కావాలి.

అతనికి చెప్పిన వ్యాయామం 1998లో స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ ప్రచురించినది. దీర్ఘకాలం మడమ నొప్పి ఉన్న 15 మంది 12 వారాలు ఇది చేసి తిరిగి పరుగెత్తగలిగారు. చేసే తీరు: మెట్టు అంచు మీద మునిపాదాలతో నిలబడి, గోడ పట్టుకుని, రెండు కాళ్లతో పైకి లేవాలి. తర్వాత బరువంతా నొప్పి ఉన్న కాలి మీద వేసి, మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించాలి. మళ్లీ లేచేది రెండు కాళ్లతోనే. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కొంచెం వంచి మరో మూడు. రోజుకు రెండుసార్లు. నొప్పి లేకుండా చేయగలిగాక భుజాన సంచీలో రెండు, మూడు కిలోలు వేసుకోవాలి. అంటే రోజుకు 180 సార్లు. అంత చేయలేమనేవారికి నేను మరో తీరు చెబుతాను: మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి, సంచీలో ఎక్కువ బరువుతో, వారానికి మూడు రోజులే. చివరికి ఫలితం దాదాపు సమానంగానే ఉంటుంది. మానకుండా చేయగలిగేదాన్ని ఎంచుకోండి.

నొప్పి మడమ ఎముకకు అతుక్కునే చోటే ఉంటే మాత్రం మెట్టు వద్దు, చదును నేల మీదే చేయాలి. అక్కడ మడమ కిందికి దిగితే నరం ఎముకకు ఒత్తుకుని నొప్పి పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు టెండన్‌ను బలహీనపరచవచ్చు, అరవై దాటినవారిలో, స్టెరాయిడ్ వాడేవారిలో ఆ ముప్పు ఎక్కువ. అవి వేసుకుంటుండగా మడమ నొప్పి మొదలైతే వ్యాయామం ఆపి, మందు రాసిన డాక్టరుకు వెంటనే చెప్పండి. మడమ నరంలోకి స్టెరాయిడ్ సూది ఎవరు వేస్తామన్నా ఒప్పుకోవద్దు, నరం తెగే ప్రమాదం ఉంది.

అరికాలి మడమ నొప్పికి, ముఖ్యంగా తాండూరు బండల నేల మీద వట్టి కాళ్లతో రోజంతా తిరిగే ఆడవారికి, తువ్వాలు చుట్టి కాలివేళ్ల కింద పెట్టుకుని, వేళ్లు పైకి వంగి ఉండగా మడమ లేపడం మంచి పని చేస్తుంది. మూడు సెకన్లు పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు కిందికి. పన్నెండుసార్లు, రోజు విడిచి రోజు. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోండి. పూజగది బయట విడిచి మళ్లీ వేసుకుంటే ఆచారానికేమీ లోటు రాదు.

మోచేయి బయటి వైపు నొప్పికి, నారాయణపేట మగ్గాల దగ్గరా తాపీ పనివారిలోనూ చూస్తుంటాను, ముంజేయిని బల్ల మీద పెట్టి, అరచెయ్యి కిందికి ఉంచి, అరకిలో పప్పు ప్యాకెట్ పట్టుకుని మణికట్టును మెల్లగా దించడం చాలు. లేపడానికి రెండో చేత్తో సాయం చేయండి. పదిహేను చొప్పున మూడు విడతలు. మధుమేహం ఉన్నవారికి భుజం పట్టేయడం వేరే సంగతి. దానికి నెలలు పడుతుంది, గోడ మీద వేళ్లతో పాకిస్తూ చేతిని పైకి తీసుకెళ్లడం రోజూ చేస్తూ షుగర్ అదుపులో పెట్టుకోవాలి. ఎవరి చేతా బలవంతంగా లాగించుకోవద్దు.

నిలకడ

పడిపోవడాన్ని మనవాళ్లు తలరాత అంటారు. నేను ఒప్పుకోను. నిలకడ చూపు, లోపలి చెవి, పాదాల స్పర్శ, కాళ్ల బలం కలిసి చేసే పని, ఇందులో బలాన్ని, అలవాటును పెంచవచ్చు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందించిన, ఇంట్లోనే చేసుకునే బలం, నిలకడ వ్యాయామాలతో పెద్దవారు పడిపోవడం దాదాపు 35 శాతం తగ్గింది.

రోజూ చేయాలి, పది నిమిషాలు. వంటగట్టు ముందు నిలబడండి, వెనకాల కుర్చీ ఉండాలి. మొదటి రోజు తీసిన నాలుగు నిలబడే తీరుల్లో మీరు ఎక్కడ తూలారో అక్కడే సాధన. ముందు రెండు చేతులతో గట్టు పట్టుకుని, తర్వాత ఒక చేయి, తర్వాత రెండు వేళ్లు, చివరికి చేయి గాలిలో. అది కుదిరాక తలను కుడి ఎడమలకు తిప్పుతూ నిలబడండి. ఆ తర్వాత గట్టు వెంట పక్కడుగులు, మడమ బొటనవేలికి తగిలిస్తూ గీత మీద నడక, వెనక్కి నాలుగడుగులు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని చేయవద్దు.

ఎనిమిది వారాలు గడిచేసరికి బతుకమ్మ వస్తుంది. పక్కకు అడుగు, ముందుకు వంగి చప్పట్లు, లేచి మళ్లీ అడుగు, నోట పాట, చుట్టూ మనుషులు. బరువు ఒక కాలి మీంచి మరో కాలికి మార్చడం, వంగి లేవడం, ఇంకో పని చేస్తూ తూలకుండా ఉండడం, నేను గదిలో విడివిడిగా నేర్పేవన్నీ ఆ వలయంలో ఉన్నాయి. కాళ్ల నొప్పులని అరుగు మీద కూర్చుని చూసే పెద్దమ్మలను నేను ప్రతి ఏడూ బతిమాలుతాను: ఒక పాట పూర్తయ్యేవరకైనా వలయంలోకి రండి, పక్కన కోడలినో కూతురినో ఉంచుకోండి.

వ్యాయామంతో పాటు ఇల్లు కూడా చూసుకోవాలి. రాత్రి మూత్రానికి లేచినప్పుడే చాలామంది పడతారు. మంచానికి, బాత్రూముకు మధ్య చిన్న బల్బు వెలగనివ్వండి. బీపీ మాత్రలు వేసుకునేవారు లేచి మంచం అంచున నిమిషం కూర్చుని, అప్పుడు నిలబడండి. కంట్లో శుక్లాలు ఉంటే ఆపరేషన్ వాయిదా వేయవద్దు. మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారు రోజూ పాదాలు చూసుకోవాలి. మంచంలో పక్కకు తిరగగానే గది గిర్రున తిరిగి నిమిషం లోపు ఆగిపోతే అది చెవిలోని చిన్న రేణువులు స్థానం తప్పడం వల్ల కావచ్చు. చెవి డాక్టరు తలను ఒక వరసలో తిప్పి దాన్ని చాలాసార్లు ఒకటి రెండు విడతల్లో సరిచేయగలరు.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారికి

నేను కొంతకాలం నల్లగొండ జిల్లాలో పనిచేశాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవారిలో కొందరు మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరుగుతారు. కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాక పుట్టిన పిల్లల సంగతి వేరు, దశాబ్దాలు బోరు నీళ్లు తాగినవారి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇప్పటికీ బోరు నీళ్లు తాగేవారు పరీక్ష చేయించి తీరాలి.

వీరికి పై వ్యాయామాల్లో మార్పులు కావాలి. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది కానీ పెళుసుగా ఉంటుంది. కాబట్టి మెడ విరిపించుకోవడం, వీపు తొక్కించుకోవడం అసలు వద్దు. వెన్నులో నరాలకు దారి ఇరుకై ఉంటే ఆ ఒక్క విరుపుతో కాళ్లు పడిపోవచ్చు. బిగుసుకున్న కీలును చాపాలని బలవంతం చేయకండి, ఉన్న కదలికను నిలబెట్టుకోవడం, దాని చుట్టూ బలం పెంచడం లక్ష్యం. కుర్చీ, పడుకుని చేసేవి, నిలకడ చేయండి, బరువు సంచులు వద్దు. పక్కటెముకలు బిగుసుకుంటాయి కాబట్టి ఊపిరి నిండా పీల్చి మెల్లగా వదలడం రోజూ పదిసార్లు. కాళ్లు బిగుసుకుని తడబడుతుంటే ముందు నరాల డాక్టరు, తర్వాతే వ్యాయామం.

చివరి రెండు వారాలు: మెట్ల సాధన

ఆశ్వయుజం చివరికి నోటుబుక్కులో కుర్చీ లెక్క పెరిగి, ఒక మెట్టును మూడు లెక్కలతో ఎనిమిదిసార్లు దిగగలుగుతుంటే మెట్ల వరసకు వెళ్లవచ్చు. డాబా మెట్లు చాలు. మొదటి రోజు పది ఎక్కి దిగండి, మరుసటి ఉదయాన్ని అడగండి, బాగుంటే రోజు విడిచి రోజు మరో పది కలపండి. మోకాలు ఎదురుతిరిగిన రోజున వెనక్కి రెండు మెట్లు తగ్గితే నష్టమేమీ లేదు.

నొప్పి ఉన్నవారు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు వేయాలి, దిగేటప్పుడు ముందు నొప్పి ఉన్న కాలు. చేతికర్ర నొప్పి ఉన్న వైపు కాదు, ఎదుటి చేతిలో పట్టుకోవాలి, దాని ఎత్తు మణికట్టు మడత వరకు. ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవం నాటి రద్దీలో మీ నడక మీ చేతిలో ఉండదు. మొదటిసారి వెళ్లేవారు జాతర రోజుల్లోనే తక్కువ మంది ఉండే ఉదయం వేళ చూసుకోండి. ప్రతి ఇరవై మెట్లకు పక్కకు జరిగి, నిలబడే పిక్కలు రెండుసార్లు చాపి, రెండు గుక్కలు నీళ్లు తాగండి. దర్శనమయ్యాక వెంటనే దిగకండి. పావుగంట కూర్చుని, మోకాలు నాలుగుసార్లు చాపి మడిచి, అప్పుడు మొదలుపెట్టండి. దిగేటప్పుడు గోడ ఉన్న వైపే రండి, పక్కవాళ్లు తొందరపెట్టినా మూడు లెక్కపెట్టడం మానవద్దు. ఇంటికి వచ్చిన మరుసటి ఉదయం మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయో ఆ నోటుబుక్కులోనే రాసి, రెండు రోజులు విడుపు ఇచ్చి, మూడో రోజు మళ్లీ కుర్చీ దగ్గరికి రండి.